బెల్లానికి చోటు లేని వెబ్‌సైటు

తిరుపతి, చిత్తూరు జిల్లాల చిన్న వ్యాపారస్తులకు తెలియజేయడమేమనగా, మీ వెబ్‌సైట్లను పోషించి, సంరక్షించి, పదిమంది కళ్లలో పడేటట్టు చేసే బాధ్యతను ఈ క్రింద సంతకం చేయువాడు స్వీకరించియున్నాడు. పేరు యోగానంద. ఆఫీసు తిరుపతి బస్టాండు వెనక సందులో. గది పాతదే, కుర్చీ పాతదే, బోర్డు మాత్రం కొత్తది. నిన్నమొన్నటి దాకా దాని మీద 'యోగానంద ఫ్లెక్సీస్' అని ఉండేది. ఫ్లెక్సీల మీద ఆంక్షలు మొదలయ్యాక నేను డిజిటల్ మార్కెటింగ్ నిపుణుణ్ణి అయ్యాను. దానికి పరీక్ష ఏమీ రాయలేదు. ఈ విద్యకు బోర్డు ఉంటే చాలు.

నా దగ్గరకు వచ్చే ముందు నా సొంత వెబ్‌సైటు తెరవవద్దని మనవి. అందులో 'త్వరలో' అని మాత్రమే ఉంటుంది. బోర్డు మార్చిన నాటి నుంచీ అలాగే ఉంది.

నా సేవల నాణ్యత తెలియాలంటే ఐరాల చంద్రకాంతమ్మ బెల్లం సంగతి చెప్పాలి. ఇది నా విజయగాథ. మా ఆవిడ ప్రశాంతి ఈ మాట ఒప్పుకోదు. ఆవిడకు మార్కెటింగ్ తెలియదు.

చంద్రకాంతమ్మకు ఐరాల దగ్గర చెరకు తోట, సొంత బెల్లం గానుగ ఉన్నాయి. ఆ గానుగ పెట్టింది ఆమె భర్త. రంగు తేలడానికి ఏ మందూ కలపకుండా, ముదురు రంగు బెల్లమే వండేవాడు. ఆయన పోయాక ఆమె కూడా అదే పద్ధతిలో వండిస్తోంది. మండీ వాళ్లకేమో తెల్లగా మెరిసే బెల్లం కావాలి. ఆమె బెల్లం చూడగానే మొహం తిప్పుకొంటారు. నేరుగా కొనేవాళ్లు దొరక్కపోతే ఈ సీజనుతో సరి, చెరకు ఫ్యాక్టరీకి తోలేసి గానుగను పాత ఇనుముకు వేసేద్దామని ఆమె మరిది దొరస్వామి తేల్చి చెప్పేశాడు. ఆమెకు ఉన్న చివరి దారిని నేనే.

"పెద్దగా ఏం వద్దప్పా," అంది చంద్రకాంతమ్మ నా ఆఫీసుకొచ్చి. "బెల్లం ఫోటో ఒగటి, రేటు, నా ఫోన్ నెంబరు. సూసినోళ్లు ఫోన్ సేస్తే సాలు. ఆయన పెట్టిన గానుగ. ఆ పొయ్యి ఆరకుండా ఉంటే సాలు నాకు."

నేను నిపుణులు నవ్వే నవ్వు నవ్వాను. "అట్లయితే ఎట్లక్కా? మర్యాద అని ఒకటి ఉండాది కదా!" అన్నాను.

మర్యాద అంటే ఏమిటో ఫ్లెక్సీలు కొట్టినవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పైవరుసలో దేవుళ్లు. వారి కింద పార్టీ పెద్దలు. వారి కింద ఇంటి పెద్దలు, తర్వాత బావమరుదులు, తర్వాత యువత. అందరూ పోగా చోటు మిగిలితే విషయం. ఆడపిల్ల ఫంక్షన్ ఫ్లెక్సీలో పిల్ల కంటే మేనమామ పెద్దగా కనిపించాలన్న సూత్రం నేను కనిపెట్టింది కాదు. అలా వేయనప్పుడు తిన్న తిట్లతో నేర్చుకున్నది. ఇంత అనుభవాన్ని వెబ్‌సైటులో పెట్టకపోతే ఎట్లా?

ఆమె కూడా కాస్త మెత్తబడి, "అయితే మా ఆయన ఫోటో ఒగటి పెట్టప్పా" అంది. భర్త నవ్వుతూ గానుగ పక్కన నిలబడిన ఫోటో ఇచ్చింది. పెట్టాను. గేటు తెరుచుకుంది.

మరుసటి రోజే దొరస్వామి దిగాడు. "అన్న ఫోటో ఉండాది, తమ్ముడి ఫోటో ఉండొద్దా? ఊర్లో ఏమనుకుంటారబ్బా?" అన్నాడు. రాబోయే ఎన్నికల్లో ఆయన సర్పంచిగా నిలబడాలని ఊరంతా కోరుకుంటోందని ఆయనే నాకు చెప్పాడు. తెల్ల చొక్కా, చెవి దగ్గర ఫోను, మన మీదికి నడిచి వస్తున్న భంగిమ. ఆ ఫోటో పెట్టాక ఆయన బావమరిది ఊరుకుంటాడా? బావమరిది ఎక్కాక కువైట్‌లో ఉన్న బావ అలిగాడు. కువైట్ బావను పెట్టాక చిత్తూరు చిన్నాన్న ఫోన్ చేసి, తాను ఇంకా బతికే ఉన్నానని గుర్తుచేశాడు. ఒక్కొక్కరు ఎక్కినప్పుడల్లా బెల్లం ఒక మెట్టు దిగింది. ఫోన్ నెంబరు దాని కింద ఇంకో మెట్టు దిగింది. చివరికి ఆ నెంబరు చూడాలంటే చేదబావిలో నీళ్లు తోడినట్టు బొటనవేలితో లాగుతూ పోవాలి.

ప్రారంభోత్సవం రాహుకాలం తప్పించి జరిపాము. లాప్‌టాప్‌కు పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టాము. కొన్ని చుక్కలు మీటల్లో పడ్డాయి గానీ శుభమే అన్నారు. దొరస్వామి మీట నొక్కి ప్రసంగించాడు:

"సోదర సోదరీమణులారా! ఈ పొద్దు మన ఐరాల బెల్లం ప్రపంచ పటం ఎక్కినాది. ఇదంతా నా ఒక్కడి కష్టమని నేను సెప్పుకోను. అది మీరు సెప్పుకోవాల!"

చప్పట్లు మోగాయి. బెల్లం పేరు తలచినందుకు చంద్రకాంతమ్మ కూడా కొట్టింది.

ఇక్కడ వ్యాపారస్తులకు ఒక ముఖ్య సలహా. వెబ్‌సైటు పెట్టి వదిలేయకూడదు. ఎప్పటికప్పుడు కొత్త సంగతులు పెడుతూ ఉండాలి. నేను పెట్టాను. చిన్నాన్నకు జన్మదిన శుభాకాంక్షలు. కారు కొన్న కువైట్ బావకు అభినందనలు. దొరస్వామికి బావమరిదితో మాటలు లేనప్పుడు బావమరిది ఫోటో చిన్నదయ్యేది. రాజీ కుదిరితే పెద్దదయ్యేది. దీన్నే మా వృత్తిలో అప్‌డేట్ అంటారు. బెల్లం రేటు మాత్రం పోయిన సీజనుదే ఉండిపోయింది. అంత దూరం ఎవరూ దిగరు కాబట్టి ఫిర్యాదు రాలేదు.

ఫలితం అద్భుతం. చూసేవాళ్లు పెరిగారు. గ్రాఫు కొండెక్కింది. ఇంత సాధించినందుకు గానుగ దగ్గర షామియానా వేసి నాకు సన్మానం పెట్టారు. దొరస్వామి శాలువా కప్పాడు. ఆ సభకే, పనిలో పనిగా బేరం కూడా తేలిపోతుందని, పాత ఇనుము వ్యాపారిని పిలిపించాడు. నేను ఉపన్యసిస్తూ ఉంటే ఆ మనిషి గానుగను వేళ్లతో తట్టి చూసుకుంటున్నాడు. పక్కన తోటలో చెరకు పక్వానికి వచ్చి ఉంది.

చంద్రకాంతమ్మ నా పక్కకొచ్చి కూర్చుంది. "అప్పా, ఇంతమంది సూస్తా ఉండారంటివే! ఒక్కరికన్నా బెల్లం వద్దంటనా? నా ఫోను ఒక్క తూరి కూడా మోగలేదు. వాళ్లు యాడోళ్లో రొంత సూడు."

ఎక్కడివాళ్లో చూడవచ్చని నాకు తెలుసు. ఎప్పుడూ చూడలేదు, అంతే. చూశాను. ఐరాల, కాణిపాకం, చిత్తూరు, కువైట్. మనవాళ్లే. పొద్దున లేచి ఎవరికి వారు తమ మొహం ఉన్నచోటే ఉందా, పక్కవాడిది పెరిగిందా అని చూసుకొని పోతున్నారు. తిరుపతి నుంచి మాత్రం ఒక మనిషి అందరికంటే ఎక్కువసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ అట్టడుగు దాకా దిగాడు. ఎవరో యాత్రికుడని సంబరపడబోయాను. ఆ ఫోను నాదే. అట్టడుగున 'రూపకల్పన: యోగానంద' అని, చలువ కళ్లద్దాలతో నా ఫోటో ఉంది. ఫోన్ నెంబరు దాటుకొని రోజూ దాన్ని చూసుకోవడానికి నేనే వెళుతున్నాను.

ఈ వివరం ఆమెకు చెప్పలేదు. అందరూ చుట్టాలేనని మాత్రం చెప్పాను.

ఆమె ఫోన్ తెర మీద భర్త ఫోటోకు వేలు చూపించింది. తర్వాత అంది: "మొదట మా ఆయన ఫోటో తీసెయ్యి."

"ఆయనదెందుకక్కా? ఆయన పెట్టిన గానుగ కదా!"

"ఆయన్ని ఎక్కిస్తేనే కదా ఇంతమంది ఎక్కి కూసునింది. ఆయన్నే దించినాక, నా ఫోటో ఏదని ఎవురు అడగతారో నేనూ సూస్తా. ఆయన ఈడ, పొయ్యి కాడ ఉంటే సాలప్పా. ఫోన్లో వద్దు."

నాకు సిగ్గేసింది. శాలువా కప్పుకొని ఆ పని చేస్తే బాగుండదని, దాన్ని మడిచి కుర్చీ మీద పెట్టాను. ఆయన్ని దించాను. తర్వాత అందరినీ దించాను. నన్ను కూడా దించాను. అందుకు కొంచెం ఎక్కువసేపు పట్టింది. బెల్లం ఫోటో, ఈ సీజను రేటు, ఆమె నెంబరు మిగిలాయి.

దాని పర్యవసానం వృత్తిపరంగా దారుణం. దొరస్వామి వదిన గడప తొక్కడం మానేశాడు. కువైట్ నుంచి ఫోన్లు ఆగిపోయాయి. గ్రాఫు నేల కరిచింది. వేలూరు నుంచి మిఠాయి కొట్టాయన, బెంగళూరు నుంచి ఎవరో ఇద్దరు ముగ్గురు, ఇట్లాంటి ముక్కూమొహం తెలియనివాళ్లు మాత్రం నెట్‌లో బెల్లం వెతుక్కుంటూ రాసాగారు. వాళ్లకు మన కుటుంబం మీద ఏ మాత్రం గౌరవం లేదు. ఇంటి పెద్ద ఎవరని కూడా అడగకుండా నేరుగా బెల్లం అడుగుతారు. చంద్రకాంతమ్మ ఫోను మోగింది. సగం చెరకు ఫ్యాక్టరీకే పోయింది. మిగతా సగానికి గానుగ ఆడింది, పొయ్యి వెలిగింది. పాత ఇనుము వ్యాపారి ఒక గ్లాసు చెరకురసం తాగి వెళ్లిపోయాడు.

దొరస్వామి మాత్రం నన్ను వదులుకోలేదు. ఆయనకు వేరే వెబ్‌సైటు కట్టాను. అందులో బెల్లం అసలే లేదు. అన్నీ మొహాలే. అది దివ్యంగా నడుస్తోంది. కొత్త ఖాతాదారులకు నేను చూపించేది దాన్నే.

మొన్న చంద్రకాంతమ్మ నాకొక బెల్లం అచ్చు పంపింది. పైన చుట్టిన కాగితం మీద ఒక్క ఫోన్ నెంబరే ఉంది. ముందు చూశాను, వెనక చూశాను, తిప్పి అడుగున కూడా చూశాను.

"ఏం ఎతకతా ఉండావు?" అంది ప్రశాంతి.

"రేటు," అన్నాను.

మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. మీ చుట్టాలింట్లో పెళ్లి ఆల్బమ్ ఒకటి ఉంటుంది. అది మొదటిసారి మీ చేతికి వచ్చిన రోజు గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు పెళ్లికూతురు ఏ పేజీలో ఉందో వెతికినవాళ్లు మాత్రమే నవ్వండి. మిగిలినవాళ్లు ఒక పాస్‌పోర్టు సైజు ఫోటో తీసుకొని నా ఆఫీసుకు రావచ్చు.