మైలుకి పద్నాలుగు సెంట్లు

ఆ శనివారం ప్లాన్ చాలా చిన్నది. పొద్దున్నే ఉప్మా తినాలి, ఆరేళ్ళ కూతురు ఉజ్వలని వెనక సీట్లో బెల్టు వేసి కూర్చోబెట్టాలి, పదకొండింటికి పద్మజని డ్రైవింగ్ టెస్టుకి తీసుకెళ్ళాలి. టెస్టుకి కారు మనమే తెచ్చుకోవాలి, లైసెన్సున్న మనిషి వెంట రావాలి. ఆంజనేయప్రసాద్ ఇంట్లో కారు ఒకటే, లైసెన్సున్న మనిషీ ఒకడే. అంచేత ప్లాన్ మొత్తం ఆ ఒక్క మొగుడి మీద నిలబడి ఉంది. అలాంటి ప్లాన్లు ఎంత గట్టిగా ఉంటాయో పెళ్ళయిన ఆడవాళ్ళనడగండి.

పద్మజ విజయవాడలో ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మనిషి. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో లారీల మధ్య నుంచి స్కూటీ నడిపిన మనిషి. మొగుడి వెంట డాలర్ల దేశంలోని ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చాక ఉద్యోగం చెయ్యకూడదని వీసా చెప్పింది, కదలకూడదని ఊరు చెప్పింది. ఇంటి దగ్గర బస్సు లేదు, ఆటో లేదు, రోడ్డు పక్కన నడవడానికి జానెడు చోటు లేదు. కొత్తిమీర కట్ట కావాలన్నా మొగుణ్ణి అడగాలి. చుట్టూ ఊళ్ళన్నీ కార్లు తయారుచేసి బతుకుతుంటే, మధ్యలో కూర్చుని కారెక్కడానికి ఒకరి దయ కోసం చూడాలి.

టెస్టు ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఫెయిలై కాదు, కారు రాక. ఇవాళ కూడా తప్పితే ఆమె లెర్నర్ పర్మిట్ గడువు తీరిపోతుంది. మళ్ళీ రాతపరీక్ష నుంచి మొదలు.

"ఒక్క డెలివరీ పద్దూ. తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉంటా" అన్నాడు ప్రసాద్ తాళాలు తీసుకుంటూ.

"పోయినసారీ ఒక్కటే అన్నారు."

"పోయినసారి వాళ్ళు రెండోది అడిగారు. ముసలాళ్ళు. ఎలా కాదంటాం?"

"అయితే నేను ముసలిదాన్నయ్యాక అడుగుతాలెండి."

ప్రసాద్ నవ్వేసి వెళ్ళిపోయాడు. అది జోకని అతని నమ్మకం.

ఈ ప్రసాద్ పుట్టు పరోపకారి ఏమీ కాదు. ఎవరైనా ఎయిర్‌పోర్టుకి దింపమంటారన్న భయంతో, తలా ఒక వంట తెచ్చుకునే పొట్లక్ భోజనాల్లో కారు తాళాలు బయటికి తీసేవాడే కాదు. అతన్ని మార్చినవాడు భీమశంకరం. మనవాళ్ళకో పద్ధతుంది. జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి, వీసాకి లాయర్ దగ్గరికి వెళ్తారు. టాక్స్ సలహా మాత్రం పొట్లక్‌లో పులిహోర గిన్నె దగ్గర ఎవడు గట్టిగా మాట్లాడితే వాడి దగ్గర తీసుకుంటారు. భీమశంకరం అందరికంటే గట్టిగా మాట్లాడతాడు.

"గురూ, సొంత కార్‌లో చారిటీకి డ్రైవ్ చేస్తే మైలుకి పద్నాలుగు సెంట్లు గవర్నమెంట్ ఇస్తుంది. లాస్ట్ ఇయర్ నేను క్లెయిమ్ చేశా" అన్నాడు, అప్పడం విరుస్తూ.

"ఊరికే ఇస్తారా?"

"ఊరికే ఎందుకిస్తారు? తిరగాలి."

ఇంతకంటే పరిశోధన అక్కర్లేదనుకున్నాడు ప్రసాద్. ఆఫీసులో బ్రేక్ పెడల్ డిజైన్ని పదిసార్లు చెక్ చేసే ఇంజనీరు, ఈ మాటని ఒక్కసారి కూడా చెక్ చెయ్యలేదు.

ఆ పద్నాలుగు సెంట్ల సంగతి కూడా చెప్పుకోవాలి. అదే దేశంలో, అదే ఏడు, అదే కారులో సబ్బులు అమ్మడానికి వెళ్ళినవాడికి మైలుకి యాభై ఆరున్నర సెంట్ల లెక్క. ఒంటరి ముసలావిడకి సూప్ మోసుకెళ్ళినవాడికి పద్నాలుగు. సబ్బులవాడి లెక్కని పెట్రోలు ధర చూసి ఎప్పటికప్పుడు మారుస్తారు. సూప్‌వాడి లెక్క చట్టంలో రాసి మేకు కొట్టేశారు, పదిహేనేళ్ళుగా కదల్లేదు. వీడికి పుణ్యం ఎలాగూ వస్తుంది, మళ్ళీ పెట్రోలు డబ్బులు కూడా ఎందుకని పెద్దల ఆలోచన కాబోలు.

ప్రసాద్‌కి ఈ అన్యాయం పట్టలేదు. మైళ్ళు పెరిగితే సెంట్లు పెరుగుతాయన్నది మాత్రం పట్టింది. ఒక చర్చి బేస్‌మెంట్లో నడిచే చారిటీలో చేరాడు. ముసలివాళ్ళకి భోజనం అందించడం, కారు లేనివాళ్ళని కావలసిన చోటికి తీసుకెళ్ళడం పని. పక్కవీధికి కూడా ఊరంతా చుట్టి వెళ్ళేవాడు, ఎవరిని ఏ దారిన తిప్పాడో రాత్రి పద్మజకి లెక్క చెప్పేవాడు. చుట్టి వెళ్ళాడు కాబట్టి సూప్ చల్లారేది. చల్లారింది కాబట్టి సిగ్గుపడి వాళ్ళ వంటింట్లో వేడిచేసిచ్చేవాడు. వేడయ్యేదాకా నిలబడాలి కాబట్టి గోడ మీది మనవల ఫోటోలు చూసి పేర్లడిగేవాడు. ఇంత ప్రేమగల వాలంటీర్ని తాము పుట్టి బుద్ధెరిగి చూడలేదని ముసలివాళ్ళంతా చారిటీకి ఫోన్లు చేశారు. అక్కడ రైడ్ల ఏర్పాట్లు చూసే కరోల్ అతనికి రెట్టింపు పని ఇచ్చింది. పద్మజ రెండు టెస్టులూ ఆ ప్రేమలోనే కొట్టుకుపోయాయి.

ఆ శనివారం చర్చి దగ్గర కరోల్ మెడలో కెమెరాతో నిలబడి ఉంది.

"ప్రసాడ్, ఈ ఏడాది బెస్ట్ వాలంటీర్ నువ్వే. న్యూస్‌లెటర్ కోసం ఇవాళ నీతో కార్లో వస్తాను" అంది, ముందు సీట్లో కూర్చుంటూ.

దగ్గరి దారిన పోయి, ఒక్క డెలివరీ పడేసి, ఇంటికి పరుగెత్తాలనుకున్న ప్రసాద్ నవ్వాడు. ఫోటోలో ఆ నవ్వు బాగానే వచ్చింది.

మిసెస్ కొవాల్‌స్కీకి భోజనం ఇచ్చి వెనక్కి తిరిగేలోపు ఆవిడ కోటు వేసుకుని తయారైంది. కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలట. పది నిమిషాల దూరం. సరే, సర్దుకోవచ్చనుకుని కారు కుడివైపు తిప్పాడు.

"అటు కాదు బాబూ, ఎప్పటిలాగే లేక్ పక్క నుంచి వెళ్దాం" అంది ఆవిడ వెనక నుంచి. ఆపైన కరోల్‌తో, "నా భర్త ఆ లేక్‌లోనే చేపలు పట్టేవాడు. ఈ అబ్బాయికి నేను చెప్పకపోయినా తెలుసు. వారమంతా ఈ దారి కోసమే చూస్తాను."

కరోల్ కళ్ళు తుడుచుకుంది. లేక్ దారి మైళ్ళు పెంచడానికి కనిపెట్టిన దారని ఆ కార్లో తెలిసినవాడు ఒక్కడే. వాడు ఎడమవైపు తిప్పాడు. తను తవ్విన మలుపులు తనే లెక్కపెట్టుకుంటూ నడిపాడు. జేబులో ఫోన్ మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. కరోల్ కెమెరా ఎదురుగా ఉంది.

ఆవిడని డాక్టర్ దగ్గర దింపేసరికి పది దాటింది. "కరోల్, నేనిక ఇంటికి..." అని మొదలుపెట్టాడు. కరోల్ ఫోన్ మోగింది. విని, చెయ్యెత్తి అతన్ని ఆపింది.

"అర్జెంట్ రైడ్. చిన్నపిల్లతో ఒకావిడ. పదకొండుకి అపాయింట్‌మెంట్, కారు లేదు."

"వాళ్ళాయన లేడా?"

"ఉన్నాడట. శనివారమొస్తే ఊళ్ళోవాళ్ళని కార్లో తిప్పుతాడట, ఇంట్లోవాళ్ళని తప్ప. ఇలాంటి మగవాళ్ళని నేను చాలామందిని చూశాను ప్రసాడ్. నీలాంటివాళ్ళు తక్కువ." ఆమె అడ్రస్ చదివింది.

ప్రసాద్‌కి ఆ అడ్రస్ బాగా తెలుసు. అద్దె కట్టేది అతనే. చారిటీ నంబరున్న అయస్కాంతం బిళ్ళని ఫ్రిజ్‌కి అంటించిందీ అతనే.

జీపీఎస్ అవసరం లేకుండా అంత తిన్నగా వెళ్ళినందుకు కరోల్ మెచ్చుకుంది. అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర పద్మజ హ్యాండ్‌బ్యాగ్‌తో నిలబడి ఉంది. పాసెంజర్లు వెనకే కూర్చోవాలన్న చారిటీ రూల్ ప్రకారం వెనక తలుపు తీసి కూర్చుంది.

"గుడ్ మార్నింగ్" అంది కరోల్‌తో. డ్రైవర్‌కేసి చూడలేదు.

"డాడీ, యూ సెడ్ నైన్ తర్టీ" అంది ఉజ్వల. "అమ్మ క్రై చేసింది. దెన్ షీ కాల్డ్ ద నంబర్."

కరోల్ మెల్లిగా కెమెరా మూత పెట్టింది.

అంతలో ప్రసాద్ జేబులో ఫోన్ మళ్ళీ మోగింది. కంగారులో ఆపబోయి స్పీకర్ నొక్కాడు. భీమశంకరం గొంతు కారంతా నిండింది.

"గురూ, చిన్న విషయం. ఆ మైలేజీ ఉంది చూడు, టాక్స్‌లో ఖర్చులన్నీ విడివిడిగా రాసి ఐటమైజ్ చేసినవాళ్ళకేనట. నేను ఇల్లు కొన్నా కాబట్టి, మార్ట్‌గేజ్ వడ్డీ ఉంది కాబట్టి నాకు వర్కవుట్ అయింది. నువ్వు అపార్ట్‌మెంట్ కదా, అందరికీ ఒకేలా ఇచ్చే స్టాండర్డ్ డిడక్షనే కదా తీసుకునేది. నీకేం రాదు. ఆ పద్నాలుగూ చేతికివ్వరట కూడా, టాక్స్ కట్టే ఇన్‌కమ్‌లోంచి తీసేస్తారంతే. మరీ ఎక్కువ తిరగలేదుగా?"

ప్రసాద్ ఫోన్ కట్ చేశాడు.

"ఏమంటున్నాడు?" అంది కరోల్.

పద్మజ వెనక నుంచి చక్కటి ఇంగ్లీషులో అనువదించింది. "మా ఆయన చేసిన సేవకి గవర్నమెంట్ నుంచి ఒక్క సెంటు కూడా రాదని చెబుతున్నాడు. మా ఆయన ఈ సేవ మొదలుపెట్టింది ఆ సెంట్ల కోసమే." తర్వాత తెలుగులో, "ఏ దారిన పోనిస్తారు? లేక్ చుట్టూ తిప్పకండి, టైమ్ లేదు" అంది.

ప్రసాద్ ఆర్నెల్లలో మొదటిసారి పాసెంజర్ని దగ్గరి దారిన తీసుకెళ్ళాడు. అలాంటి దారి ఒకటుందని అతనికి గుర్తుండటమే గొప్ప.

టెస్టు సెంటర్ పార్కింగ్‌లో తాళాలు పద్మజ చేతిలో పెట్టాడు. "సారీ పద్దూ" అన్నాడు.

"టైముకి తెచ్చారుగా. మీ చారిటీ మంచిది" అంది ఆమె. ఎగ్జామినర్‌ని ఎక్కించుకుని వెళ్ళింది.

కాలిబాట మీద ప్రసాద్, కరోల్, ఉజ్వల నిలబడ్డారు. "బెస్ట్ వాలంటీర్ సంగతి..." అని ప్రసాద్ నసిగాడు. "ఆలోచిస్తున్నాను" అంది కరోల్.

కారు తిరిగొచ్చింది. రెండు గీతల మధ్య సరిగ్గా ఆగింది. బెంజి సర్కిల్ దాటిన మనిషికి ఖాళీ రోడ్డు ఒక లెక్కా? ఎగ్జామినర్ కాగితం మీద సంతకం చేసి ఇచ్చాడు. పద్మజ డ్రైవింగ్ సీట్లోంచి దిగలేదు. పక్క సీట్లోకి రమ్మని కరోల్‌ని పిలిచి, మొగుడికి వెనక తలుపు చూపించింది. రూల్ రూలే.

దారిలో కరోల్ అడిగింది. "మాకు డ్రైవర్లు తక్కువ. శనివారాలు వస్తావా? మేం మాత్రం ఏమీ ఇవ్వలేం."

"ఇవ్వక్కర్లేదు. శనివారం కారు నా చేతిలో ఉంటే చాలు" అంది పద్మజ. "మిసెస్ కొవాల్‌స్కీ ఇల్లెక్కడో చెప్పండి."

తర్వాతి శనివారం ప్రసాద్‌కి జుట్టు కత్తిరించుకునే పని పడింది. ఇంట్లో కారు లేదు. చాలాసేపు ఫ్రిజ్ మీది బిళ్ళని చూసి, చివరికి ఆ నంబరుకి ఫోన్ చేశాడు. డ్రైవర్ ఉందని, కాకపోతే ఆవిడ ముందు లేక్ చుట్టూ తిరిగి వస్తుందని చెప్పారు.