గుర్రపు మందుకు రుచి చూచేవారు

శామీర్‌పేట జాగీరులో గుర్రం గోడ నాకిందన్న సంగతి పందొమ్మిది వందల నలభై మూడులో అధికారికంగా ధ్రువపడింది. నాకినది ఏదో టాంగా గుర్రమైతే ఎవరికీ పట్టేది కాదు. సాక్షాత్తు జాగీర్దారు వారి చాందీ, పైగా ఎనిమిది నెలల చూడి. మర్నాటికల్లా పట్నం నుంచి పశువుల డాక్టరు సత్యానందం మోటారులో దిగాడు.

ఆయన గోడను పరీక్షించాడు, గడ్డిని పరీక్షించాడు, చివరికి మొహమాటానికి గుర్రాన్ని కూడా చూశాడు. "ఈ నేలలో ఖనిజాల కొరత. అందుచేత గడ్డిలో కొరత. అందుచేత గుర్రంలో కొరత" అని సెలవిచ్చాడు. ఉప్పు, సున్నం, ఎముకల పొడి బెల్లంతో కలిపి రోజుకొక ముద్ద పెట్టమన్నాడు.

చాందీని తోమి మేపే ఇస్తారి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"సారూ, మా ముత్తమ్మకు ఆరో నెల. ఆమె గూడ గోడమట్టే గిల్లుకొని తింటాంది. ఇంతకుముందు రెండు కాన్పులు నిలువలే. గా ముద్ద ఒక్కటి ఇప్పిస్తే..."

"గుర్రం తింటే జబ్బు. మనిషి తింటే చెడ్డ అలవాటు" అన్నాడు డాక్టరు. శాస్త్రం అంత స్పష్టంగా ఉంటే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు?

జాగీరులో ఒక ఆచారం ఉంది. దొరవారి పళ్ళెంలోనిది ముందు వంటవాడు తిని చూపాలి. దొరవారి గుర్రాల మందుకూ ఏ రోజుకారోజు అదే మర్యాద. తిన్నవాడు సాయంత్రానికి బతికి ఉంటే ఆ మందు మర్నాడు గుర్రానికి పెడతారు. ఆ గౌరవం ఇస్తారిది. కచేరీ నడిపే పేష్కారు ప్రతాప్ కళ్ళ ముందే నమిలి, మింగి, నోరు తెరిచి చూపాలి కనుక, ఇంటికి పట్టుకుపోయే దారి లేదు. ముద్ద తియ్యగానే ఉంది గాని ఇస్తారి ధ్యాసంతా ముత్తమ్మ మీదే.

మూడోనాడు అతనికి గుర్రం మీద ఎక్కడ లేని బెంగ పుట్టింది.

"పేష్కార్ సాబ్, చాందీ సూడిది గద. మొగోడు తిని బతికితే సూడిదానికేం భరోసా? కడుపుతోనున్నోళ్లే తిని సూడాలె గద?"

ప్రతాప్‌కు చెమటలు పట్టాయి. ఇంత లోపం తన కచేరీలోనా? నిలుచున్నపాటున హుకుం రాసి ముత్తమ్మను నియమించాడు.

నెల తిరిగేసరికి చాందీ గోడ నాకడం మానింది. ముత్తమ్మ గోడ గిల్లడం మానింది. మూడు నెలలకు ఒకే వారంలో ఇద్దరూ సుఖంగా ఈనారు, కన్నారు. నివేదికలో గుర్రప్పిల్ల రంగు, ఎత్తు, నుదుటి చుక్క రెండు పేజీలు వచ్చాయి. కింద ఒక వాక్యం: "మందు రుచి చూచినది బతికియే ఉన్నది." ముత్తమ్మ ఒడిలో పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఇస్తారికి ఆ ఏడుపు ఎంత విన్నా తనివి తీరలేదు.

మిగతా నాలుగు చూడి గుర్రాలకూ మందు పెట్టాలని జాగీర్దారు ఆజ్ఞ అయింది. తెల్లారేసరికి గుర్రాల సాల ముందు నలభై ఇద్దరు గర్భిణులు, దూరాన కండ్లకోయ ఊరి నుంచి కూడా నడిచి వచ్చి నిలబడ్డారు. అందరికన్నా ముందు సిద్దమ్మ.

"విషమైనా మంచిదే సారూ, ముందు మాకే పెట్టు. దొర గుర్రం పానం కన్న మా పానం ఎక్కువనా?"

ప్రతాప్ కళ్ళు ఒత్తుకున్నాడు. జాగీర్దారు మేడ మీద నుంచే ప్రసంగించారు. "మా గుర్రాల కోసం ప్రాణాలివ్వడానికి ఇందరు తల్లులు! ఇటువంటి రాజభక్తి ఏ దేశంలో ఉంది?" కచేరీ గుమాస్తాలం మేమంతా చప్పట్లు కొట్టాం. గట్టిగానే కొట్టాం.

కావలసింది నలుగురే కనుక మిగిలిన ముప్పై ఎనిమిది మందికీ ధన్యవాదాలు చెప్పి పంపేశారు. వాళ్ళకేం లోటు లెండి, ఎవరింటి గోడ వాళ్ళకుంది.