గులాబీ మడిలో స్పెయిన్ చిల్లర

స్పెయిన్ రాజులు ఎనిమిది వందల ఏళ్ల క్రితమే కడియం వచ్చి మొక్కలు కొనుక్కెళ్లారని మంత్రి అనంతకృష్ణగారు 1998 ఏప్రిల్లో ప్రకటించారు. విలేకరిగా నేను అక్కడే ఉన్నాను. ఆ వార్త గర్వంగా రాసి పంపాను.

సాక్ష్యం కడియం నర్సరీ రైతు బుల్లబ్బాయి గులాబీ మడిలో దొరికింది. తవ్వుతుంటే గోరంత బిళ్ళ పారకు తగిలింది. ఒకవైపు కోట, రెండోవైపు సింహం.

"కాస్టీల్ అనే రాజ్యానిదండి. బిళ్ళని రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. వాళ్ల నాణేల్లో బాగా తక్కువ విలువది," అన్నారు చరిత్ర లెక్చరర్ పార్థసారథిగారు.

"ఆ తక్కువన్న మాట ప్రెస్సుకి చెప్పకండి," అన్నారు మంత్రిగారు.

వెంటనే ఆ అరెకరం చుట్టూ ముళ్లకంచె వేయించి, కాపలా పెట్టించారు. చరిత్ర మీద ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు. లోపల నాలుగు వేల అంటు మొక్కలున్నాయి.

"రోజుకి రెండు తడులు పెట్టాలండి. నన్ను లోపలికి పోనివ్వమనండి," అన్నాడు బుల్లబ్బాయి.

"చరిత్ర ఎనిమిది వందల ఏళ్లు ఆగింది. నీ మొక్కలు వారం ఆగలేవా? నాణెం జనానికి చూపించే సభ అవగానే కంచె తీయిస్తాను," అన్నారు మంత్రిగారు.

సభకు ముందురోజు, నాణెం మరీ మసిబారి ఉందని పీఏ దాన్ని మంత్రిగారింట్లో ఇత్తడి బిందెలతోపాటు చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమించాడు. బిళ్ళ తళతళలాడింది. కోటా సింహమూ మాత్రం తోమిన నీళ్లతో కాలవలోకి పోయాయి. లెక్చరరుగారు కుర్చీలో కూలబడ్డారు.

మంత్రిగారు చలించలేదు. "సుత్తితో కొట్టేవారన్నారుగా. మన దగ్గర సుత్తుల్లేవా?"

కంసాలి చిట్టియ్యను పిలిపించారు. "ఎవరి బొమ్మ కొట్టమంటారండి?" అని అడిగాడాయన. మంత్రిగారు సిగ్గుపడ్డారు. పీఏ గోడమీది ఫొటో దించి ఇచ్చాడు.

సభలో నాణెం మీది తెర తీయగానే చప్పట్లు మారుమోగాయి. పోలిక చక్కగా కుదిరింది, కళ్లజోడుతో సహా. ఆ రాజు తమ పూర్వీకుడేనని మంత్రిగారు ఎంతో వినయంగా ఒప్పుకున్నారు. వారం తిరక్కుండా ఒక అధికారి ఆ అరెకరాన్ని వారసుడి పేర రాసేశాడు.

మంత్రిగారు మాట తప్పే మనిషి కాదు. ముళ్లకంచె తీయించేశారు. ఆ చోట గోడ కట్టించారు.

కొన్నాళ్లకి ఆ గోడ పక్కన బుల్లబ్బాయి కనిపించాడు. లోపల ఒక్క మొక్కా మిగల్లేదట. అటూ ఇటూ చూసి, మొలలోంచి గుడ్డమూట తీసి విప్పాడు. ఇంకో బిళ్ళ. ఒకవైపు కోట, రెండోవైపు సింహం, రెండూ చెక్కుచెదరలేదు. దాని పక్కనే మడతలు పడ్డ పాత ఫొటో ఒకటుంది.

"ఈ మడి కొన్నది మా నాన్నండి. చిట్టియ్యగారు దీనిమీద ఆయన మొహం కొడతారేమో కనుక్కుంటారా?" అన్నాడు. తర్వాత ఫొటోకేసి కాసేపు చూశాడు.

"మా నాన్నకి కళ్లజోడు లేదండి. ఫర్వాలేదంటారా?"