రెండు ప్రభుత్వాల ముద్దుల ఊరు

మీ ఊళ్లో రోడ్డు లేదా? బడి లేదా? అర్జీ పట్టుకెళ్తే ఆఫీసులో మీ మొహం వంక చూసే నాథుడు లేడా? అయితే తప్పు మీ ఊరిదే! ఊరిని జిల్లా నడిబొడ్డున పెట్టుకుని కూర్చుంటే ఎవడు పట్టించుకుంటాడండీ? బేగి పెట్టే బేడా సర్దుకోండి. ఊరిని ఎత్తుకెళ్లి, అటువాడూ ఇటువాడూ నాదంటే నాదని కొట్టుకునే సరిహద్దు మీద పెట్టండి. అభివృద్ధి వద్దన్నా వచ్చి మీ నెత్తిన పడుతుంది.

నవ్వకండి. ఇరుగుపొరుగు దేశాలు బాగుపడుతున్నది ఇలాగే. పక్కవాడు రైలు వేస్తే మనం బుల్లెట్ రైలు వేస్తాం. పక్కవాడు ఒక రాకెట్ వదిలితే మనం రెండు వదులుతాం. వాడి కడుపు మండాలి, అంతే! మన కడుపు నిండిందా లేదా అన్నది తర్వాతి సంగతి. దానికి వేరే కమిటీ ఉంది.

అనుమానముంటే ముంచింగిపుట్టు దాటి, సర్వీసు జీపు వెనకాల వేలాడుతూ జీలుగుపుట్టు వెళ్లి చూడండి. అక్కడ ఈశ్వరమ్మ అని ఒకావిడ ఉంది. ఆవిడ లెక్కలో కొండకి ఇవతల ఒక దేశం, అవతల ఒక దేశం. రెండు దేశాలకీ ఆవిడంటే ప్రాణం! రెండు రేషన్ కార్డులిచ్చారు, రెండు ఓట్లిచ్చారు, చలికాలంలో రెండు దుప్పట్లిచ్చారు. ఊళ్లో తెలుగు బడి ఒకటి, ఒడియా బడి ఒకటి. సంతరోజున మాత్రం ఇద్దరు మేష్టర్లూ ఒకే జీపులో దిగిపోతారు. ఇంత వైభోగం మీకుందా?

మొదట ఇవతలివాళ్లు కొండ పేల్చి రోడ్డేశారు. అది చూసి అవతలివాళ్లకి నిద్ర పట్టలేదు. రెండో వైపు నుంచి కొండ పేల్చి ఇంకాస్త వెడల్పు రోడ్డేశారు. ఇవతలివాళ్లు స్వాగతద్వారం కట్టారు. అవతలివాళ్లు అంతకంటే ఎత్తుది, ఏనుగు బొమ్మలతో సహా కట్టారు. ఏ ద్వారంలోంచి వస్తే ఎవరికి కోపమొస్తుందోనని చుట్టాలు పొలాలకి అడ్డంపడి వస్తున్నారు.

ఈ హడావుడిలో చిన్న పొరపాటు జరిగిందనుకోండి. రెండు వైపులా పేల్చిన బండలన్నీ దొర్లుకుంటూ వచ్చి వాలులో ఉన్న ఊట మీద పడ్డాయి. తాతల నాటి నుంచి ఊరంతా తాగుతున్న ఊట అదొక్కటే. పూడుకుపోయింది.

పోతే పోయింది! ఆగమేఘాల మీద రెండు వాటర్ ట్యాంకులు లేచాయి. అవతలివాళ్ల ట్యాంకు కాస్త ఎత్తని తెలిసి, ఇవతలివాళ్లు తమ ట్యాంకు నెత్తిన ఇంకో బుల్లి ట్యాంకు పెట్టారు. కుళాయిలు తళతళలాడుతుంటాయి. మేకలొచ్చి వాటికి ఒళ్లు రుద్దుకుంటాయి. ట్యాంకుల్లోకి నీళ్లు రావలసింది ఆ ఊటలోంచే కాబట్టి, రెండింట్లోనూ చుక్క లేదు.

మరి ఆ బండలు తీసేస్తే సరిపోదా అంటారా? మీకు రాజనీతి బొత్తిగా తెలీదు! ఊట ఎవరి జాగాలో ఉందో ఇంకా తేలలేదు. ఇవతలివాళ్లు తీస్తే అవతలివాళ్ల నేల ఆక్రమించినట్టు. అవతలివాళ్లు తీస్తే ఇవతలివాళ్ల పరువు పోయినట్టు. ఒకసారి రెండు వైపుల నుంచీ రెండు జేసీబీలు వచ్చాయి కూడా. తొండాలెత్తి, సాయంత్రం దాకా ఎదురెదురుగా ఉరిమి చూసుకుని, డీజిల్ అయిపోవచ్చిందని ఇళ్లకి పోయాయి.

అందాకా లోయలో పారే గెడ్డే గతి. ఈశ్వరమ్మ ఆ దిగుడులో జారి మోకాలు విరగ్గొట్టుకుంది. ఇప్పుడు కోడలు బేబి వెళ్తోంది. బేబికి నిండు నెలలు. కోడలు బిందె తీసుకుని దిగిందంటే, తిరిగొచ్చేదాకా ఈశ్వరమ్మకి ప్రాణం ప్రాణంలో ఉండదు. "మా కోడలు గుంట జారిందంటే రెండు పేనాలు పోతాయి. ఏటి సెయ్యాల బాబూ?" అని కనిపించినవాళ్లందర్నీ అడుగుతుంది. "భయమెందుకమ్మా, నీకు రెండు అంబులెన్సులున్నాయి కదా!" అన్నాడట ఒక మహానుభావుడు.

ఇంతలో చైత్రమాసం వచ్చింది, ఇటుకల పండుగ వచ్చింది. ఆ పండక్కి మగవాళ్లు వేటకి పోతారు. వట్టి చేతులతో తిరిగొచ్చారంటే ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరించి ఏడిపిస్తారు. ఎంతటి మొనగాడికైనా తప్పదు. సరిగ్గా ఆ రోజే ఇవతలి అధికారి వరహాలరావు గారూ, అవతలి అధికారి జగన్నాథరావు గారూ ఎవరి ద్వారంలోంచి వాళ్లు వేంచేశారు. ఇద్దరిదీ ఒకటే పని, ఊళ్లో సెల్ఫీ పాయింటుకి స్థలం చూడటం!

ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడ్డారు.

"ఏటి తెచ్చినారు బాబూ? నీలొత్తన్నాయా?" అంది ఈశ్వరమ్మ.

"నీళ్లేమిటమ్మా, నిలువెత్తు అక్షరాలొస్తున్నాయి! ఐ లవ్ జీలుగుపుట్టు అని లైట్లతో వెలుగుతాయి" అన్నారు వరహాలరావు గారు.

"మావి రంగులు కూడా మారతాయి" అన్నారు జగన్నాథరావు గారు.

"అయితే ఒట్టి సేతుల్తోనే వొచ్చినారన్నమాట" అంది ఈశ్వరమ్మ.

ఇక పండగ ఆచారం ప్రకారం చెయ్యాల్సింది ఒక్కటే. తట్టనిండా పేడ ఉంది. కలపడానికి బోలెడు చేతులున్నాయి. నీళ్లేవీ? ఊళ్లో ఏ కుండ వంచినా అడుగే కనిపించింది.

అప్పుడే బేబి గెడ్డలోంచి ఎక్కి వచ్చింది. నెత్తిన బిందె, నడుం మీద ఒక చెయ్యి, ఒళ్లంతా చెమట. ఆడవాళ్ల కళ్లన్నీ బిందె మీదే పడ్డాయి. సంగతి విని బేబి బిందె దించింది.

"కలిపీ అత్తా! మల్లీ తెత్తాను" అంది రొప్పుతూ.

ఈశ్వరమ్మ బిందె అంచు పట్టుకుంది. అధికారులిద్దర్నీ ఎగాదిగా చూసింది. కోడలి వాచిన కాళ్లు చూసింది. కోపంతో ఆవిడకి ఏడుపొచ్చింది.

"వొద్దే. ఈల మీద పొయ్యడానికా అంత లోతునించి మోసుకొచ్చినావు? మంచి నీలు పాడైపోతాయి. ముందు నువ్వు తాగు" అంది.

తమకి తప్పిన గండమేమిటో అధికారులకి తెలీనే లేదు. ఇంత మర్యాదైన ఊరు ఎక్కడా చూడలేదన్నారు వరహాలరావు గారు. ఆ మర్యాద తమ ప్రభుత్వం నేర్పిందేనన్నారు జగన్నాథరావు గారు. అక్కడే మళ్లీ మొదలైంది.

అందుకని ఇద్దరు ఏలినవారికీ నాదొకటే విన్నపం. అక్షరాలు పెట్టుకోండి, లైట్లు పెట్టుకోండి, ట్యాంకు మీద ట్యాంకు పెట్టుకోండి. ఊట మీది బండల జోలికి మాత్రం పోకండి. జీలుగుపుట్టుకి నీళ్లొచ్చిన రోజున, మొదటి బిందె మీ మీదే!