జపాను పూనకం

ఆ ఆదివారం ముత్యం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి తలస్నానం, డాబా మీద గంటసేపు సాధన, పదింటికి ఆటో, పదకొండింటికి సూరత్ డుమస్ రోడ్డు మాల్‌లో పాట. అత్తగారికి మాత్రం "మెషిన్ చెడిపోయింది, రిపేరుకు పోవాలె" అని ముందురోజే చెప్పి పెట్టాడు.

అబద్ధం ఎందుకంటే అది కార్టూన్ పాట. చిన్నప్పుడు డిండోలి బస్తీలో పక్కింటి కిటికీకి వేలాడుతూ చూసిన జపాను బొమ్మల సీరియల్‌ది. బొమ్మలు హిందీలో మాట్లాడేవి గానీ, మొదట్లో వచ్చే పాట మాత్రం జపాను భాషలోనే ఉండేది. ముత్యం పెరిగి, మరమగ్గాల కార్ఖానాలో మాస్టరై, ఇద్దరు పిల్లల తండ్రి అయినా అందులో ఒక్క అక్షరం మరవలేదు. అర్థం ఒక్క ముక్క తెలియదు, అది వేరే సంగతి. అలాంటి పాటలతో పెరిగిన పెద్దవాళ్ల కోసమే పోటీ పెట్టారని తెలిసి ఫోన్‌లో పాడి పంపితే, పన్నెండు మందిలో ఒకడిగా పిలిచారు. జన్మలో ఒక్కసారి ఆ పాటను మైకు ముందు పాడాలని అతని కోరిక.

సిరిసిల్ల నుంచి వచ్చిన అత్త వెంకటవ్వ, వచ్చిన మర్నాడే అల్లుడు బిడ్డ పక్కన కూర్చుని కార్టూన్ చూడటం కనిపెట్టింది. "పొల్ల సూస్తున్నదా, నువ్వు సూస్తున్నవా అల్లుడా?" అని అడిగింది. మా అల్లుడు సూరత్‌లో మాస్టరని ఇంటింటికీ చెప్పుకున్న మనిషి. పైగా ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఆ మాస్టరు కార్టూన్ పాటలు పాడతాడని తెలిస్తే, పొద్దుగూకేసరికి సిరిసిల్లంతా నవ్వుతుంది.

ఏడున్నరకు వెంకటవ్వ మిరపకాయలు ఎండబోయడానికి డాబా ఎక్కింది. అక్కడ అల్లుడు కళ్లు మూసుకుని, తడిజుట్టు ముఖం మీద పడుతుండగా, పిడికిలి ఆకాశానికెత్తి, పైస్థాయి అందుకుంటూ నిలువెల్లా ఊగుతున్నాడు. నోట్లోంచి మనుషులెవరూ మాట్లాడని భాష వస్తోంది. పూనకానికి ఇంకేం కావాలి? ఆమె చేతిలో చేట జారిపోయింది. కింద ఇంట్లో ఉన్న కూతుర్ని కేకేసింది.

"ఓ సంగీతా! అల్లునికి ఎల్లమ్మతల్లి వచ్చిందే! పసుపునీళ్లు తే, యాపమండలు తే!"

ముత్యం కళ్లు తెరిచేసరికి కాళ్ల మీద చెంబుడు పసుపునీళ్లు పడ్డాయి. అత్తగారు చేతులు జోడించి నిలబడి ఉంది. పాట అని చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే నీళ్లు ఆగవు. ఏమీ తోచక మళ్లీ కళ్లు మూసుకుని రెండో చరణం అందుకున్నాడు. అతను చేసిన తప్పల్లా అదే.

పూనినవాళ్లను ప్రశ్న అడగకుండా వదిలిపెట్టే అలవాటు ఆ గల్లీ తెలుగువాళ్లలో లేదు. కేక విని పరుగెత్తుకొచ్చిన కింది వాటా భూదేవి మొదట అడిగింది.

"తల్లీ, నా బిడ్డ వెండిపట్టీ పోయి మూడొద్దులాయె. యాడున్నదో జర చెప్పు!"

ముత్యానికి ఒళ్లు మండి, దయచేయమన్నట్టు మెట్లవైపు వేలు చూపించాడు. భూదేవి మెట్లమీదికి ఉరికింది. మూడో మెట్టు మీద పాత చెప్పుల కింద పట్టీ దొరికింది.

ఇక చెప్పేదేముంది! అరగంటలో గల్లీకి గల్లీ డాబా మీదికొచ్చింది. నిమ్మకాయలొచ్చాయి, కొబ్బరికాయలొచ్చాయి, రాజనర్సు అనే పెద్దాయన డప్పే పట్టుకొచ్చాడు. ముత్యం చెంపలకు పసుపు, నుదుట రూపాయంత కుంకుమ. "మా పెద్దోని లగ్గమెప్పుడు తల్లీ?" "ఊర్లె బోరు పడుతదా తల్లీ?" అందరికీ ముత్యం అదే పల్లవి పాడాడు. ఎవరికి కావలసిన జవాబు వాళ్లకు అందులో దొరికింది.

తొమ్మిదిన్నర దాటింది. లేవబోతే వెంకటవ్వ అడ్డం నిలబడింది. "తల్లి శాంతమయ్యేదాక గడప దాటనియ్య!" పోటీ కళ్లముందే చేజారిపోతుంటే ముత్యానికి నిజంగానే ఏడుపొచ్చింది. ఆ కన్నీళ్లు చూసి జనం ఇంకొంచెం వంగి మొక్కారు.

ఈ పాట సంగతి సంగీతకు పెళ్లయిన వారానికే తెలుసు. కొంగు నోట్లో కుక్కుకుని, భర్త బొట్టు సర్దుతున్నట్టు వంగి చెవిలో అంది: "అల్లుడు పోతనంటే మా అమ్మ ఆపుతది. తల్లి పోతనంటే ఎవలు ఆపుతరు?"

ముత్యం ఒక్క గెంతు గెంతాడు.

"నేను డుమస్ రోడ్డుకు పోవాలె! ఆడ పెద్ద మాల్‌ల నన్ను నిలవెట్టుండ్రి! పదకొండింటికి పాడుత! ఆలస్యమైతే ఊకోను!"

తనను ఒక్కణ్ణే పంపుతారనుకున్నాడు. తల్లిని ఒంటరిగా ఎవరు పంపుతారు? నాలుగు ఆటోల్లో పద్నాలుగు మంది, ఒక డప్పు బయల్దేరాయి.

మాల్ గార్డు వాళ్లను ఆపలేదు. అప్పటికే కార్టూన్ పాత్రల వేషాల్లో నీలం జుట్టువాళ్లు, చెక్క కత్తులవాళ్లు, తోకలున్నవాళ్లు లోపలికి వెళ్లి ఉన్నారు. పచ్చవిగ్గు పెట్టుకుని వేషాల పోటీకి పేర్లు రాసుకుంటున్న అమ్మాయి, వెంకటవ్వ బొట్టునూ చెంబునూ వేపమండలనూ చూసి నోరు తెరిచింది. "వాహ్ మాసీ! కయూ కేరెక్టర్ ఛే?" ఏ పాత్ర వేషమని ఆ పిల్ల అడిగింది గానీ, వెంకటవ్వకు గుజరాతీ రాదు. ఏ దేవతని అడుగుతోందనుకుని "ఎల్లమ్మ" అంది. తాను చూడని కొత్త సీరియల్ కాబోలనుకుని ఆ పిల్ల రాసుకుంది.

ముత్యం మైకు ముందుకొచ్చాడు. మొదటి పంక్తి పాడాడు. సాయంత్రం ఐదు గంటలు, వెనకాల మగ్గాల చప్పుడు, షిఫ్టు దిగి వచ్చిన నాయన తనను కిటికీ ఎత్తుకు ఎత్తిపట్టి "అవుపడుతున్నదా బిడ్డా?" అని అడగడం, అన్నీ ఒక్కసారి మీదకొచ్చాయి. నాయన పోయి ఏడేళ్లయింది. కళ్లు మూసుకుని రెండో పంక్తి అందుకునేసరికి హాలు మొత్తం లేచి నిలబడింది. బ్యాంకు మేనేజర్లు, పళ్ల డాక్టర్లు, హజీరా ఫ్యాక్టరీల ఇంజనీర్లు, మూడొందల మంది పిడికిళ్లెత్తి, కళ్లు మూసుకుని, ఊగుతూ, ఏడుస్తూ, అర్థం తెలియని ఆ భాషలోనే గొంతెత్తి పాడారు.

వెంకటవ్వకు ఒళ్లు జలదరించింది. "ఓ తల్లీ! గింతమందికి ఒక్కపారే పూనిందా!" చెంబు పట్టుకుని వరస వరసకూ ఉరికి పసుపునీళ్లు చల్లింది. కాళ్లకు పోయడానికి నీళ్లు చాలవు మరి. వాళ్లు సంతోషంగా తలలు వంచారు.

జనం పాడిన ధాటికి ముత్యం గొంతు జడ్జీలకు వినబడనే లేదు. పాట బహుమతి ఎవరికో పోయింది. ఉత్తమ వేషధారణ బహుమతి వెంకటవ్వకు వచ్చింది. ఆమె కట్టుకున్నది రోజూ కట్టే చీరే.

మూడొందల మందితో కలిసి ఏడ్చాక ఇంకా దాచుకోవడానికేమీ లేదనిపించింది ముత్యానికి. తిరిగొస్తూ ఆటోలో ధైర్యం చేశాడు. "అత్తా, నాకు తల్లి రాలేదు, ఏం రాలేదు. అది ఉత్త కార్టూన్ పాట. నాకు చిన్నప్పటి సంది పానం."

వెంకటవ్వ బహుమతి కప్పును కొంగుతో తుడుస్తూ అతన్ని జాలిగా చూసింది.

"కార్టూన్ పాటకు గంతమంది పెద్దమనుషులు ఏడుస్తరా, అల్లుడా?"

 ఇప్పుడు ముత్యం కార్టూన్ పెట్టుకున్నప్పుడల్లా అత్తగారు టీవీ ముందు రెండు అగర్‌బత్తీలు వెలిగించి, పిల్లల్ని చెప్పులు బయట విడవమంటోంది.