ఆడా, కాదా?

ఖాజాబీ ఆ ఉదయం హిందూపురంలో బస్సెక్కేటప్పుడు ఒకటే కోరుకుంది: పెనుకొండ కంటి శిబిరంలో తాను రాసిన ప్రోగ్రాము తప్పు లేకుండా నడవాలి. నడిస్తే కంప్యూటరు కోర్సు రెండో ఏడాది. నడవకపోతే ధర్మవరంలో మేనమామ చీరల అంగడి. "ఈ పొద్దు తేలిపోవాల" అని నాయన సుభాన్ ముందే తీర్పు చెప్పాడు.

పాఠం చెప్పే సరస్వతమ్మకు రెండు గిట్టవు: అనవసరపు ప్రశ్నలు, ఎక్కడ, అక్కడ, ఇక్కడ అనకుండా "యాడ, ఆడ, ఈడ" అనే మాటలు. అందుకే ఖాజాబీ పేర్లు తీసేసి చీటీ నంబర్లు పెట్టింది. రోగులను రెండు గదులకు పంచడానికి ఒక్క ప్రశ్నే ఉంచింది: "ఆడా?" అవునంటే ఆడవాళ్ళ గది, కాదంటే మగవాళ్ళ గది.

శిబిరంలో కంప్యూటరు తెర మీదినుంచి తల ఎత్తకుండానే అడిగింది. "ఆడా?"

జబ్బు కన్ను ఏదని అడుగుతోందనుకుని ఎదుటి మీసాలాయన ఎడమ కన్ను వైపు వేలు చూపాడు. "ఆ, ఆడే తల్లీ."

ఆయన ఆడవాళ్ళ గదికి వెళ్ళాడు. వెనకే వచ్చిన సిద్ధమ్మ కుడి కన్ను తాకి, "ఆడ కాదమ్మా, ఈడ" అంది. ఆమె మగవాళ్ళ గదికి వెళ్ళింది.

వరుస చకచకా కరిగిపోతుంటే ఖాజాబీకి తన మీద తనకే ముచ్చటేసింది. ఒక బొంగురు గొంతు మాత్రం కాస్త ఆగి, "ఆడేలేమ్మా" అని నవ్వింది. ఎక్కడో విన్న గొంతే. కానీ తల ఎత్తితే ఆలస్యమవుతుంది.

గంట తిరగకముందే ఆడవాళ్ళ గదిలో గోల లేచింది.

"ఏమబ్బా, మీసాలు పెట్టుకుని ఈడేం పని నీకు?"

"చీటీలో ఆడ అని ఉండాది, నన్నేం చేయమంటావు?"

అవతలి గదిలో సిద్ధమ్మ పక్కవాడి వైపు చెయ్యి చాచింది. "కంప్యూటరే చెప్పినాక నేనూ మగోన్నే గదా, ఒగ బీడీ ఇయ్యప్పా."

ఈ లెక్క తేలేదాకా ఒక్క కన్నూ చూడనని డాక్టరు దీపం ఆర్పేశాడు. ఇంతలో ఆడవాళ్ళు ఒకాయన్ను బయటికి నెట్టారు. ఆయన సుభాన్.

"నాయనా! నువ్వెప్పుడొచ్చినావు?"

"నీ ముందరే కూర్చుంటి గదే! మసక కమ్మింది నా కంటికి. నీకేమొచ్చె, కన్నతండ్రి మొగం చూడల్యా?"

ప్రోగ్రాము ఎలా నడుస్తోందో చూడటానికి వచ్చిన సరస్వతమ్మ అంతా విని, రోగుల కుర్చీలో నిటారుగా కూర్చుంది. "నన్ను అడుగు."

ఖాజాబీ తల ఎత్తి ఆమె బొట్టు, చీర, కళ్ళద్దాలు చూసింది. 

"అడగవేం?"

"కనపడతాండారు గదా మేడమ్."

"మరి ఆ ప్రశ్న ఎవరి కోసం రాశావు?"

ఖాజాబీ ప్రోగ్రాము తెరిచింది. ప్రశ్న తీసేసింది, పేర్లు తిరిగి పెట్టింది. తెరను పక్కకు జరిపి, వచ్చినవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. డాక్టరు దీపం మళ్ళీ వెలిగింది.

సుభాన్ కట్టు కట్టిన కంటితో వచ్చి తీర్పు మార్చాడు. "ధర్మవరం వద్దులే. మొగం చూడనిదాన్ని అంగడిలో పెడితే పెండ్లికొడుక్కి చీర కట్టించి పంపుతాది. ఈడనే చదువుకోనీ."

"ప్రోగ్రాములో మార్చింది ఎక్కడ?" అని అడిగింది సరస్వతమ్మ.

ఖాజాబీ తెర వైపు వేలు చూపింది. "ఆడ, మేడమ్."

ఆ మాటను సరస్వతమ్మ దిద్దలేదు. దిద్దితే తనను ఏ గదికి పంపుతారో ఆమెకు నమ్మకం లేదు.