నమస్కారం పెట్టే ఇల్లు

టోన్లే సాప్ సరస్సు మీద ఉన్న మా ఫుమ్ స్లాట్‌ను సంప్రదాయ గ్రామంగా ప్రకటించారని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాము. అంతకుముందు అది ఊరు మాత్రమే. జనం పుట్టేవారు, చేపలు పట్టేవారు, పోట్లాడుకునేవారు. ప్రకటన వెలువడిన నాటి నుంచి ఇవే పనులను సంప్రదాయబద్ధంగా చేస్తున్నారు.

మమ్మల్ని పరిరక్షించడానికి పట్నం నుంచి ఒక సమితి వచ్చింది. దాని అధ్యక్షులు విచెత్ గారు. ఆయనకు పడవ పడదు, ఎక్కితే వాంతులవుతాయి. అయినా నీళ్ల మీది జీవితమంటే ఆయనకు అపారమైన గౌరవం. ఆయన సూచన మేరకు మా రేకుల కప్పుల మీద తాటాకు పరిచాం. వానను రేకు ఆపుతుంది, ఫొటోలో ఆకు కనబడుతుంది. ప్లాస్టిక్ బకెట్లు తలుపుల చాటుకు వెళ్లాయి, మట్టి కుండలు గుమ్మాల్లోకి వచ్చాయి. మా తాతలు తెడ్డు వేసేవారు కనుక మా పడవలకు మోటార్లు తీసేశారు. సందర్శకుల తాతల సంగతి ఎవరికీ తెలియదు కనుక వాళ్ల పడవలకు పెద్ద మోటార్లు బిగించారు.

అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన ఒకటి ఉంది. ఇళ్లు ఉన్నవి ఉన్నట్టుగా ఉండాలి. సమితి అనుమతి లేకుండా ఒక్క మేకు కూడా కొట్టరాదు.

ఇక్కడే మా అమ్మమ్మకు చిన్న చిక్కు వచ్చిపడింది. మా ఇళ్లు కొబ్బరిచెట్లంత పొడవు గుంజల మీద నిలబడతాయి. వాటిని మేం కాళ్లంటాం. ఎండాకాలంలో సరస్సు వెనక్కి పోయినప్పుడు కాళ్లు మొదలంటా బయటపడతాయి. పుచ్చిన కాలు తీసి కొత్తది పాతడానికి అదే అదను. వానలు పడి నీళ్లు తిరిగొచ్చాక అది ఎవరి తరమూ కాదు. ఆ ఏడు అమ్మమ్మ ఇంటికి వంటగది వైపు కాలు పుచ్చింది. గోటితో గీకితే కొయ్య తడిసిన అటుకుల్లా ఊడి వచ్చేది. అమ్మమ్మ పెళ్లయి అడుగుపెట్టిన ఇల్లది. ఆమెకు ఇంకో ఇల్లు లేదు.

సమితి సభ పెట్టిన రోజున అమ్మమ్మ అందరికంటే ముందు లేచి నిలబడింది.

"బాబూ, నా కాలొకటి పుచ్చిపోయింది. నీళ్లు రాకముందే తీసేసి కొత్తది వేయించుకోవాలి. మీరు ఊఁ అంటే చాలు, మావాళ్లే నరికేస్తారు."

విచెత్ గారు కళ్లజోడు తీశారు. "ఎవరు నరుకుతారవ్వా?"

"మా అల్లుడే. గొడ్డలి నూరి పెట్టుకున్నాడు పాపం."

మా నాన్న వినయంగా తల ఊపాడు.

"నొప్పి బాగా ఉందా?"

"నాకేం నొప్పి నాయనా? గాలేస్తే కిర్రుమంటుంది, అంతే."

పక్కింటి నియాంగ్ పిన్ని నవ్వాపుకుంటూ లేచింది. "అయ్యా, ఆవిడ చెప్పేది..."

"కూర్చోమ్మా," అన్నారు విచెత్ గారు. "పెద్దావిడ బాధపడుతుంటే నవ్వేంటి?" ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. అమ్మమ్మను మాత్రం సభ ముగిసేదాకా నిలబెట్టే ఉంచారు.

వారం తిరక్కుండానే బ్యాండు మేళంతో చక్రాల కుర్చీ వచ్చింది. నిబంధనల ప్రకారం దాని చేతులకు తాటాకు చుట్టారు. విచెత్ గారు ఒడ్డున నిలబడి ప్రసంగించారు. "ఈ తల్లి మనల్ని ఒక్క కాలు అడిగింది. మనం నాలుగు చక్రాలు ఇస్తున్నాం. మన సంప్రదాయం ఎంత ఉదారమైనదో లోకం గమనించుగాక!" నలుగురు మగాళ్లు ఆ కుర్చీని నిచ్చెన మీదుగా పైకి మోశారు. వాళ్లకు దారి చూపడానికి అమ్మమ్మ నీళ్ల కుండ చంకన పెట్టుకుని ముందు ఎక్కింది.

"దీన్నేం చేసుకోనే?" అని నన్నడిగింది.

"కాసేపు కూర్చో అమ్మమ్మా. ఫొటో తీస్తున్నారు."

ఫొటో అయ్యాక దాని మీద చేపలు ఎండబెట్టింది.

నాన్న సమితి ఆఫీసుకు వెళ్లి, కాలంటే ఇంటి కాలని వివరంగా చెప్పి వచ్చాడు. వాళ్లు శ్రద్ధగా విన్నారు. కానీ కాలి సమస్య అప్పటికే పరిష్కారమైపోయింది. ఒకే సమస్యను రెండుసార్లు పరిష్కరించడం ప్రజాధనాన్ని వృథా చేయడమే అవుతుందని నచ్చజెప్పి, టీ ఇచ్చి పంపారు.

వానలు వచ్చాయి. సరస్సు తిరిగి వచ్చి ముందు బురదను, తర్వాత పొదలను, ఆ తర్వాత ఇళ్ల కాళ్లను మింగింది. దాని వెనకే మోటారు పడవలు వచ్చాయి. పడవ పోయిన ప్రతిసారీ అల వచ్చి అమ్మమ్మ ఇంటి కాలును తన్నేది. అప్పుడు కుర్చీ దానంతటదే కదిలి, వంటగది మూలకు దొర్లేది. అమ్మమ్మ వెనక్కి నెట్టేది. "దీనికి ఆకలెక్కువ, అస్తమానం వంటింట్లోకే పోతుంది," అనేది. ఇంటి కాలు గురించి ఆ కుర్చీకి తెలిసినంత సమితిలో ఎవరికీ తెలియదు.

కొన్నాళ్లకు ఇల్లు బాగా ఒరిగింది. సందర్శకులకు అది ఎంతో నచ్చింది. విచెత్ గారు దానికి 'నమస్కారం పెట్టే ఇల్లు' అని పేరు పెట్టారు. అతిథిని చూడగానే తల వంచే మా జాతి మర్యాద ఆ కొయ్యలోకి కూడా ఇంకిందని ఆయన భావించారు. దాన్ని నిటారుగా చేయడానికి ప్రయత్నించినవారికి జరిమానా అన్నారు. ఎదురింటి వాళ్లు తమ ఇల్లూ ఒరిగేలా ఒక కాలు కోసుకుంటామని అడిగితే అనుమతి ఆ పూటే వచ్చింది.

అమ్మమ్మ కిటికీలో నిలబడి పడవలకు చెయ్యి ఊపడం మొదలుపెట్టింది.

"దూరంగా పోండర్రా! అల కొడుతోంది, పోండి!"

ఆమె మాట మోటార్ల మోతలో ఎవరికీ వినబడేది కాదు. చెయ్యి మాత్రం కనబడేది. సందర్శకులు మురిసిపోయి తామూ చేతులూపి, పడవను ఇంకొంచెం దగ్గరికి పోనిమ్మనేవారు.

"చూశారా, మిమ్మల్ని పిలుస్తోంది," అనేవాడు గైడు.

ఒక మధ్యాహ్నం కుర్చీ మూల దగ్గర ఆగలేదు. తడికను చీల్చుకుని ఎండుచేపలతో సహా సరస్సులోకి దూకింది. అమ్మమ్మ ఆ కన్నంలోంచి కిందికి చూసింది.

"చెప్పకుండా పోయింది చూడు. ఇక మనమూ దిగాలే," అంది నాతో. అన్నం గిన్నె, ఊరవేసిన చేపల ప్రహోక్ జాడీ, కోడిపుంజు నా చేతికిచ్చి పడవలోకి దింపింది. తను మాత్రం మరోసారి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఎదురుగా వరసగా పడవలు వస్తున్నాయి. రెండు చేతులూ ఎత్తి ఊపింది. వాళ్లూ రెండు చేతులూ ఎత్తి ఊపారు.

అమ్మమ్మ నిచ్చెన దిగి పడవలో కాలు పెట్టిందో లేదో, ఇల్లు పూర్తిగా నమస్కరించింది. ముందు వంటగది, తర్వాత కప్పు, చివరికి ఆమె కాపురమంతా నీళ్లలో కూర్చున్నాయి. ముందు పడవల వాళ్లు చప్పట్లు కొట్టారు. వెనక పడవల వాళ్లు తమకు సరిగా కనబడలేదనీ, మళ్లీ ఎప్పుడుంటుందనీ అడిగారు. సమితి వారి అభ్యర్థనను సానుభూతితో పరిశీలిస్తోంది. ఎదురిల్లు ఎలాగూ ఉంది.

ఇప్పుడు అమ్మమ్మ మా ఇంట్లో ఒక మూల ఉంటోంది. ఆ మూల ఏ కాలి మీద ఉందని రోజూ అడుగుతుంది. రేవు దగ్గర ఆమె బొమ్మతో పెద్ద బోర్డు పెట్టారు. కిటికీ, ఎత్తిన చెయ్యి, కింద పెద్ద అక్షరాలతో 'రండి, మా ఊరు మిమ్మల్ని పిలుస్తోంది.'

అందులో ఏం రాశారో నేను చదివి చెప్పాను. అమ్మమ్మ బోర్డు మీది తన చేతిని వేలితో చూపించింది.

"నేను పొమ్మంటుంటే రమ్మన్నానని రాశారేంటే?"

మా ఊరు వచ్చి వెళ్లినవాళ్లందరి దగ్గరా ఆ ఇంటి ఫొటో ఉంటుంది. మీ దగ్గరా ఉండే ఉంటుంది, ఒకసారి తీసి చూడండి. కిటికీలో చెయ్యి ఎత్తి నిలబడ్డది మా అమ్మమ్మ. ముందు పడవలో, నవ్వుతూ, చెయ్యి ఊపుతున్నది మీరు.